బదిలీ మనిషి

చక్రం విప్పకముందే వాసన చెప్పేసింది. యాక్సిల్ గొట్టంలో ఉండాల్సిన గేర్ ఆయిల్ బయటికొచ్చి, బ్రేకు వేడికి మాడితే వచ్చే వాసన అది. ఒకసారి పీల్చినవాడు మళ్లీ మర్చిపోడు. మెకానిక్ ముక్కు చిట్లించి, సాయంత్రం గుట్ట దిగొచ్చిన పాత వ్యాను వెనక జాకీ పెట్టాడు.

"నేను చెప్పలా బావా, వెనకాల ఏదో వండుతున్నారని?" అన్నాడు డ్రైవరు. ఇతన్ని అందరూ హారన్ అంటారు. గుట్ట దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ హారన్ కొట్టి తీరతాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా సరే. మెకానిక్ భార్యని చెల్లెమ్మా అంటాడు కాబట్టి మెకానిక్ ఇతనికి బావ అయ్యాడు. అంతకు మించి చుట్టరికం లేదు.

"వండటం కాదు, మాడ్చారు" అన్నాడు మెకానిక్.

గుట్ట మీద ఒక లాండ్రీ ఉంది. ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల తెల్లగుడ్డలూ అక్కడ ఉతుకుతారు. నీళ్లు పైన ఉన్నాయి కాబట్టి లాండ్రీ పైన పెట్టారు, మనుషులు కింద ఉన్నారు కాబట్టి వ్యాను పెట్టారు. పొద్దున కింద యార్డు గేటు దగ్గర ఆడవాళ్లని ఎక్కించుకుని పైకి పోతుంది. సాయంత్రం ఉతికిన మూటలు నింపి, ఆ మూటల మీదే ఆడవాళ్లని కూర్చోబెట్టుకుని కిందికి వస్తుంది. మూటలకు తాళ్లు కడతారు. మనుషులకు ఏమీ కట్టరు.

డ్రమ్ము ఊడదీశాడు. లోపల బ్రేకు లైనర్లు నల్లగా, తడిగా, నూనె రాసిన జుట్టులా మెరుస్తున్నాయి. నాలుగు నట్లూ విప్పి యాక్సిల్ బయటికి లాగాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడిచి, గోటితో గీకి చూశాడు. ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీల్ పెదవి ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుని ఉక్కు మీద సన్నటి గాడి చేసింది. గోరు అందులో ఇరుక్కుంది. అక్కడే కొత్త సీల్ పెడితే అది కూడా కారుతుంది. కొంచెం ఇవతలికి, గాడి పడని చోట కూర్చునేలా కొట్టాలి. అది తన చేతిలో పని. గొట్టం పైన గాలి పోయే చిన్న మూత మట్టితో మూసుకుపోయింది. లోపలి ఆవిరి దారిలేక సీళ్లని తోసేసింది. దాన్ని తీగతో పొడిచి శుభ్రం చేశాడు. అదీ తన చేతిలో పనే. కుడి చక్రం విప్పితే అక్కడా ఇదే కథ, కాస్త తక్కువ. లైనర్లు మాత్రం తన చేతిలో లేవు.

లాండ్రీ ఓనరు గొడుగు మడుచుకుంటూ వచ్చాడు. ఎండకీ వానకీ ఆ గొడుగు ఆయన చంకలో ఉండాల్సిందే.

"ఏమంటోంది తమ్ముడూ మన ముసలిది?"

ఈయన నోట తమ్ముడూ అన్న మాట వచ్చిందంటే ఎవరి నెత్తినో ఏదో పెట్టబోతున్నాడని అర్థం. మెకానిక్‌కి అది తెలుసు. తెలిసినా ఆ మాటకి మెత్తబడతాడు. అదీ జబ్బు.

"సీళ్లు రెండూ పోయాయి సార్. అవి నేను వేసేస్తాను. లైనర్లు మాత్రం కొత్తవి కావాలి."

ఓనరు వంగి చూశాడు. "ఇంత మందం ఉన్నాయే. ఎక్కడ అరిగాయి?"

"అరగలేదు సార్. ఆయిల్ తాగాయి."

"తాగితే దింపే మందు నీ దగ్గర లేదా ఏంటి?" అని నవ్వాడు. హారన్ కూడా నవ్వాడు. "పెట్రోల్‌తో కడుగు. ఎమరీ పేపరుతో రుద్దు. ఎక్కించు. ఈ వయసు బండికి లైనర్లు ఎక్కడో వెతికి తెప్పించాలి, వచ్చేవారం చూద్దాం. అప్పటిదాకా దుప్పట్లు ఎవరు దించుతారు, నీ మావగారు నెత్తిన పెట్టుకుని దించుతాడా?"

"అది కాదు సార్. కడిగితే పైపైన పోతుంది. లోపలికి ఇంకింది పోదు. చల్లగా ఉన్నంతసేపూ పట్టినట్టే ఉంటుంది. వేడెక్కితే మళ్లీ..."

"తమ్ముడూ." ఓనరు గొడుగు కొన నేలకి ఆనించాడు. "నీకు చేతకాదంటే చెప్పు. నామోషీ ఏం లేదు. చేతనైనవాళ్లు లేకపోలేదు."

అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. ఇలాంటివాళ్లు గొంతు పెంచరు, అవసరం పడదు. మెకానిక్ పెట్రోల్ డబ్బా కోసం లేచాడు.

లైనర్లు కడిగాడు. పెట్రోల్ నల్లబడింది. మళ్లీ పోశాడు, మళ్లీ నల్లబడింది. ఎమరీ పేపరుతో రుద్దితే పైన బూడిదరంగు తేలి కొత్తవాటిలా కనిపించాయి. చూసేవాడి కళ్లు కప్పడానికి అంతకన్నా ఏం కావాలి. సీళ్లని మాత్రం పసిపిల్లకి స్నానం చేయించినంత జాగ్రత్తగా కూర్చోబెట్టాడు. పెదవికి గ్రీజు రాశాడు, చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ మెల్లగా తట్టాడు. చెయ్యగలిగినదాన్ని అంత బాగా చేస్తే చెయ్యలేనిదాన్ని దేవుడు క్షమిస్తాడన్నట్టు చేశాడు.

యార్డులో, చదునైన నేల మీద, హారన్ బండి నడిపి బ్రేకు తొక్కాడు. కీచుమని అరిచి ఆగింది. ఓనరు గొడుగుతోనే చప్పట్లు కొట్టినట్టు అరచేతిలో తట్టుకున్నాడు. "చూశావా? ఊరికే గాభరా పడతావు."

ఆయన వెళ్లాక హారన్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "బావా, నువ్వు చెప్పు. సరేనా?"

మెకానిక్ చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన వేళ్లనే మళ్లీ తుడిచాడు.

"చూసుకుని పోనీ" అన్నాడు.

అది అందరూ అనే మాటే. హారన్ దాన్ని అలాగే తీసుకున్నాడు.

*

ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పగలంతా గుట్ట మీద లాండ్రీలో దుప్పట్లు మడిచి వచ్చి, ఇంట్లో తమ గుడ్డలు మడవాలి. ఆవిడ చేతులు మాటలతో సంబంధం లేకుండా పని చేసుకుపోతాయి.

"రేపు పనికి వెళ్లకు" అన్నాడు.

"ఎందుకట?"

"నీకు దగ్గు ఎక్కువగా ఉంది."

"ఈ దగ్గా?" ఆవిడ మడత ఆపింది. "ఆ సోడా పొడికి ఎప్పట్నించో ఉంది ఈ దగ్గు. నీకు ఇవాళ వినపడిందా? చెవులు కడుక్కున్నావేంటి?"

"ఒక్కరోజు. పడుకో. నా మాట విను."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. అతను పక్కకి తిరిగి చొక్కా విప్పుకున్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్ల కాపురంలో పడుకో అన్న మనిషి కాదు.

"సరేలే. ఏ గాలి సోకిందో గానీ ఇలా అప్పుడప్పుడూ సోకనీ" అని, తువ్వాలు దులిపి, "పక్కింటికి వెళ్లొస్తా" అంటూ గడప దాటింది. ఎందుకు అని అతను అడగలేదు. గుండెల మీంచి బండ దిగినట్టు అనిపించింది. ఆ బండ ఎక్కడికి దొర్లిందో ఆలోచించలేదు.

పొద్దున్నే యార్డులో ఇంకో బండి కింద పడుకుని పని చేస్తున్నాడు. కింద నుంచి చూస్తే మనుషులు కాళ్లే. గేటు దగ్గర ఆడవాళ్ల కాళ్లు కదులుతున్నాయి, చెప్పులు ఈడుస్తున్నాయి, ఒకదాని కాలు ఇంకోదాని కాలు తొక్కుతోంది. నవ్వులు వినపడుతున్నాయి. ఆ కాళ్లలో భార్య కాళ్లు లేవు. కళ్లు మూసుకున్నాడు.

"అబ్బాయ్."

కళ్లు తెరిస్తే, అరిగిపోయిన రబ్బరు చెప్పులు, పగిలిన మడమలు. ఆ మనిషి నెమ్మదిగా, మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. పక్కింటి పెద్దమ్మ. ఆమెకి ఎవరూ లేరు. ఎవరింట్లో పిలిస్తే వాళ్లింట్లో గిన్నెలు తోముతుంది, పిలవని రోజు గడప మీద కూర్చుంటుంది.

"నీ పుణ్యమా అని ఇవాళ పనికి పోతున్నా నాయనా. మీ ఆవిడ వచ్చి, ఒంట్లో బాలేదు, నా బదులు నువ్వు వెళ్లు పెద్దమ్మా అంది. నువ్వే ఉండిపొమ్మన్నావటగా. ఆడదాని ఒళ్లు చూసుకునే మొగుడు దొరకడం దాని అదృష్టం, నాకూ కలిసొచ్చింది" అని, అక్కడే వంగి అతనికి దండం పెట్టింది.

లాండ్రీలో రూలు అది. రాలేనివాళ్లు తమ బదులు మనిషిని పంపాలి. బదిలీ మనిషి. పంపకపోతే మర్నాడు ఆ చోటు ఉండదు. ఇది యార్డులో ఉన్న కుక్కకి కూడా తెలుసు. మెకానిక్‌కి రోజూ తెలుసు, ఆ ఒక్క రాత్రే గుర్తురాలేదు. భార్యని వ్యానులోంచి దించితే ఒక చోటు ఖాళీ అవుతుందనుకున్నాడు. ఆ చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

"పెద్దమ్మా..." అన్నాడు బండి కింద నుంచి పాక్కుంటూ వస్తూ. తల చాసిస్‌కి కొట్టుకుంది.

"ఏంటి నాయనా?"

గేటు దగ్గర ఓనరు నిలబడి ఉన్నాడు, చంకలో గొడుగుతో. "ఎక్కండమ్మా ఎక్కండి, పెద్దావిడకి చెయ్యివ్వండి" అంటున్నాడు. ఎంతో దయగా అంటున్నాడు.

"ఏం లేదు" అన్నాడు మెకానిక్. "జాగ్రత్త."

ఆమె నవ్వింది. ముందు పన్ను లేదు. హారన్ హారన్ కొట్టాడు. వ్యాను గుట్ట ఎక్కింది. ఎక్కడానికి బ్రేకులతో పనిలేదు. భయం సాయంత్రానిది. దానికి ఇంకా రోజంతా ఉంది.

*

ఆ రోజు ఏ పనీ సాగలేదు. బిగించిన నట్టు బిగించాడో లేదో గుర్తురాక మళ్లీ విప్పాడు. చేతులు కడుక్కున్నా పెట్రోల్ వాసన పోలేదు. కళ్ల ముందు ఆ లైనర్లే. మొదటి మలుపులో వేడెక్కుతాయి. ఆ తరవాత చెమట పట్టినట్టు లోపలి ఆయిల్ పైకి ఊరుతుంది. ఎడమవైపు ఎక్కువ తాగింది, కుడివైపు తక్కువ. తొక్కినప్పుడు ఒకవైపు పడుతుంది, ఒకవైపు జారుతుంది. వెనకభాగం అడ్డంగా తిరుగుతుంది. మూటలు ఒకవైపు ఒరుగుతాయి. మూటల మీద ఉన్నవాళ్లు...

అక్కడిదాకా వచ్చి మనసు ఆగిపోయేది. మళ్లీ మొదటి మలుపు నుంచి మొదలుపెట్టేది.

మధ్యాహ్నం దాటి చాలాసేపయ్యాక భార్య అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. తలస్నానం చేసింది. ఆరేసుకున్న జుట్టు వదులుగా ముడేసుకుంది. ఎప్పుడూ లేనిది కొంచెం తీరిగ్గా నడుస్తోంది.

"రాణిగారు వచ్చారు" అంది తనే. "తిను. వేడిగా ఉంది."

మూత తీశాడు. ముద్ద కలిపాడు. నోటిదాకా తీసుకెళ్లి, మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

"పెద్దమ్మని నువ్వే పంపావా?"

"మరి? పని పోతే నువ్వు తెచ్చిస్తావా? పాపం ఎంత సంబరపడిందో. చీర కూడా మార్చుకుంది." ఆవిడ ఆగింది. "ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ముద్ద నోట్లో ఎందుకు పెట్టుకోలేదు?"

అతను డబ్బా పక్కన పెట్టాడు. ఆవిడ అటూ ఇటూ చూసింది. పెట్రోల్ డబ్బా, నల్లటి నీళ్లలా అడుగున మిగిలిన పెట్రోల్, నలిగిన ఎమరీ పేపరు ముక్కలు, వాటి మధ్య పాత ఆయిల్ సీళ్లు. ఆవిడ మెకానిక్ పెళ్లాం. ఆ వస్తువుల మధ్యే సంసారం చేసింది.

"నన్ను దగ్గుకి ఆపావా?" అంది నెమ్మదిగా.

అతను ఎమరీ పేపరు ముక్కల్ని కాలితో పక్కకి తోశాడు.

"వ్యానులో ఏముంది?"

చెప్పాడు. నీళ్లు నములుతూ, ముందుది వెనక, వెనకది ముందు చేసి చెప్పాడు. ఓనరు ఏమన్నాడో చెప్పాడు, తను ఏమనలేదో చెప్పాడు. ఆవిడ వింటున్నంతసేపూ డబ్బా మూత పట్టుకుని నిలబడింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది.

"అయితే నన్నొక్కదాన్ని దించేశావు" అంది. "దించి, ఆవిడని నా చేత ఎక్కించావు. ఆవిడ నీకు దండం కూడా పెట్టి ఉంటుంది."

"పెట్టింది."

"ఫోన్ చెయ్యి. హారన్ అన్నకి చెయ్యి. బండి దించొద్దని చెప్పు."

ఫోన్ చేశాడు. అవతల మిషన్ల హోరు. "ఏంటి బావా, చెప్పు, గట్టిగా చెప్పు."

"బండి... సాయంత్రం బండి దించొద్దు."

"దించకుండా ఇక్కడే కాపురం పెట్టమంటావా? ఎందుకూ?"

"అది కాదు. ఆ బ్రేకులు..."

"ఓనరుగారు పక్కనే ఉన్నారు, ఉండు, ఆయనకిస్తా."

"వద్దు" అన్నాడు మెకానిక్. "ఇవ్వొద్దు. గేర్లో దించమని చెబుదామని చేశా. అంతే."

"ఎప్పుడూ గేర్లోనే దించుతాగా బావా, కొత్తగా నేర్పుతున్నావా" అని నవ్వి హారన్ పెట్టేశాడు.

ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తలెత్తే ధైర్యం లేదు. ఎత్తేసరికి భార్య లేదు. డబ్బా మూత నేల మీద ఉంది. ఆవిడ గేటు దాటి గుట్ట రోడ్డు ఎక్కుతోంది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుంది. ఇందాకటి తీరికైన నడక కాదు అది.

లేచి పరిగెత్తాడు. గేటు దగ్గర కాపలావాడు "ఎక్కడికి?" అన్నాడు. ఆ ఒక్క మాటకే కాళ్లు ఆగిపోయాయి. అలవాటు. పని వేళ గేటు దాటాలంటే ఓనరు మాట కావాలి. ఆవిడ ఇవాళ పనిలో లేదు కాబట్టి ఆవిడకి ఎవరి మాటా అక్కర్లేదు.

*

పొద్దు వాలుతుండగా గుట్ట మీంచి మొదటి హారన్ వినపడింది.

నీళ్ల ట్యాంకు మలుపు. మెకానిక్ గేటు ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా ఆ హారన్ అతనికి చెవిన పడేది కాదు, గోడ గడియారం చప్పుడు చెవిన పడనట్టే. ఇవాళ ఒళ్లంతా చెవులయ్యాయి. భార్య ఇంకా పైకి చేరి ఉండదు. ఆ రోడ్డు నడిచి ఎక్కాలంటే చాలాసేపు పడుతుంది. అంటే ఆవిడ రోడ్డు మీదే ఉంది. బ్రేకులు పట్టని బండి కిందికి వస్తోంది, తను కాపాడుకున్న మనిషి దానికి ఎదురు వెళుతోంది.

మళ్లీ హారన్. రేగిపొదల మలుపు. ఇప్పుడు లైనర్లు వేడెక్కుతుంటాయి.

తరవాతది విరిగిన గోడ మలుపు. అది అన్నింటికన్నా వాలు. గోడ అవతల లోయ.

హారన్ వినపడలేదు.

చెవి ఒగ్గాడు. దూరంగా ఎక్కడో కుక్క మొరిగింది. గుట్ట మీద గాలి తప్ప ఏమీ లేదు. కాపలావాడు బీడీ వెలిగించుకుంటూ, "ఇవాళ మనవాడు ఒక హారన్ మింగేశాడే" అన్నాడు. మెకానిక్ కమ్మీని అంత గట్టిగా పట్టుకున్నాడంటే తరవాత వేళ్లు ఒక్కోటి విప్పదీసుకోవాల్సి వచ్చింది. కాళ్లు రోడ్డెక్కమంటున్నాయి, కళ్లు వద్దంటున్నాయి. వెళితే చూడాలి. చూడలేడు. భయమంటే అదే, మనిషిని పరిగెత్తించదు, పాతేస్తుంది.

చీకటి పడకముందే కింది మలుపులో వ్యాను కనిపించింది. మొదట గుర్తుపట్టలేదు, అంత నెమ్మదిగా వస్తోంది. మొదటి గేరులో ఇంజను మూలుగుతోంది. ఎడమ పక్క రేకు ముందు నుంచి వెనకదాకా గీరుకుపోయి తెల్లగా తేలింది. లోపల హారన్ ఒక్కడే. దాని వెనకాల రోడ్డు నిండా ఆడవాళ్లు నడిచి వస్తున్నారు. భార్య పెద్దమ్మ రెక్క పట్టుకుని నడిపిస్తోంది.

అతను కమ్మీ పట్టుకునే కూర్చుండిపోయాడు.

హారన్ దిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "గోడ మలుపులో చెల్లెమ్మ చెయ్యి ఊపుతూ ఎదురొచ్చింది బావా. తొక్కాను. మెత్తగా దిగిపోయింది కాలు. వెనక అడ్డం తిరిగింది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి గేరు మీద, హారన్ కొట్టడానికి చెయ్యేది? గోడకి రాసుకుంటూ ఆపా. ఆ గోడ కూడా లేకపోతే..." ఆగి, అతని మొహంలోకి చూశాడు. "నీకు తెలుసు. అడిగాను కదా నిన్ను. సరేనా అని అడిగాను."

పెద్దమ్మ ముందుకొచ్చింది. చీర అంచు చిరిగింది. అది పొద్దున మార్చుకుని కట్టుకున్న మంచి చీర.

"అబ్బాయ్, పొద్దున నీకు దండం పెట్టా" అంది. "అది నాకు తిరిగిచ్చెయ్."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా హాస్యానికి అనలేదు.

ఓనరు కారు వాళ్ల వెనకే దిగింది. గీతలు పడిన రేకుని ఒకసారి చూశాడు, మనుషుల్ని ఒకసారి చూశాడు. "సరే, అందరూ క్షేమంగా వచ్చారు కదమ్మా, అదే పదివేలు. బ్రేకు పట్టబట్టే కదా ఆగింది? ఊరికే కంగారు పడి రోడ్డు మీదికి పరిగెత్తి డ్రైవర్ని బెదరగొడితే ఏ బండైనా గోడెక్కుతుంది." భార్య వైపు చూడకుండానే ఆవిణ్ణి అన్నాడు. చావకుండా దిగితే బ్రేకులు బాగున్నట్టు లెక్క. చచ్చిపోతే డ్రైవరు తప్పు. ఈ లెక్కలో ఆయన ఎప్పుడూ ఓడడు. "తమ్ముడూ, పొద్దున్నకల్లా ఇంకోసారి శుభ్రంగా కడిగి ఎక్కించు."

"సరే సార్" అన్నాడు మెకానిక్.

భార్య కళ్లు మూసుకుంది.

అతను జాకీ తెచ్చాడు. అందరూ చూస్తుండగానే వెనక చక్రాలు రెండూ విప్పాడు. డ్రమ్ములు కాలుతున్నాయి, గుడ్డ వేసి లాగాడు. లైనర్లు తడిగా ఉన్నాయి. తీసి, పని బల్ల మీద ఇనుప వైస్‌లో బిగించాడు. ఓనరు "అదీ" అన్నాడు. మెకానిక్ ఉలి తీసుకుని, లైనరుకీ ఇనప రేకుకీ మధ్య ఆనించి, సుత్తితో కొట్టాడు. ఒక పెచ్చు ఎగిరి ఓనరు చెప్పుల దగ్గర పడింది. మళ్లీ కొట్టాడు. ఒక దెబ్బ ఉలి మీద పడితే ఒక దెబ్బ వేలి మీద పడింది. వేలు చితికినా ఆపలేదు. ఎక్కించడానికి ఏమీ మిగలకుండా అన్నిటినీ చెక్కేశాడు. ఇక కడగమన్నా కడగడానికి లేవు. తను కాకపోతే ఇంకెవడో వచ్చి ఎక్కించడానికీ లేవు.

ఓనరు మొదటిసారి గొంతు పెంచాడు. "బుర్ర ఉందా నీకు? పో. నీ పనిముట్లు తీసుకుని పో. మళ్లీ ఈ గేటు లోపల కనపడకు."

మెకానిక్ సంచీలో పనిముట్లు వేసుకున్నాడు. ధైర్యం వచ్చిందనుకుంటే పొరపాటు. ఇందాకటికన్నా ఎక్కువ భయపడుతున్నాడు. ఆడవాళ్లలో ఎవరూ శభాష్ అనలేదు, ఎందుకంటారు? వాళ్లని పొద్దున ఎక్కనిచ్చింది అతనే.

ఇంటికి నడుస్తుంటే భార్య వెనక నాలుగడుగుల దూరంలో వచ్చింది. గడపలో మాత్రం అతని చెయ్యి లాక్కుని చితికిన వేలికి గుడ్డ చుట్టింది. గట్టిగానే చుట్టింది, నొప్పి పుట్టేలా.

"రేపు నేను పనికి పోతున్నా" అంది.

*

పొద్దున యార్డులో ఇంకో వ్యాను ఉంది. ఓనరు ఎవర్నో పట్టుకుని రాత్రికి రాత్రే తెప్పించాడు. ఇది కాస్త కొత్త రంగు వేసింది. కడిగి తుడిచి నిలబెట్టారు. హారన్ సీట్లో కూర్చున్నాడు గానీ ఇంజను వెయ్యలేదు.

మెకానిక్ గేటు బయట ఉన్నాడు, భుజాన సంచీతో. ఇంట్లో కూర్చోలేక వచ్చాడు. లోపలికి పోయే హక్కు లేదు, వెనక్కి పోయే మనసు లేదు. పెద్దమ్మ కూడా వచ్చింది. ఇవాళ ఆమెకి పని లేదు, ఆమె చోటుకి సొంత మనిషి వచ్చేసింది. అయినా వచ్చింది. అతని పక్కన కాకుండా, కొంచెం ఎడంగా నిలబడింది.

"ఎక్కండమ్మా, ఆలస్యమైపోయింది" అన్నాడు ఓనరు.

ఆడవాళ్లు వ్యాను దాకా వెళ్లి ఆగారు. ఒకరినొకరు చూసుకున్నారు. ముందుగా ఎవరు అనాలో తెలియని మాట ఒకటి అందరి నోళ్లలోనూ ఉంది. చివరికి మెకానిక్ భార్య కొంగు నడుముకి బిగించి వ్యాను వెనక చక్రం పక్కకి వెళ్లింది.

"దీన్ని విప్పి చూపించండి. చూసి ఎక్కుతాం."

"ఏంటి చూసేది?" ఓనరు నవ్వబోయాడు. "నీకేం తెలుసమ్మా దాంట్లో?"

"తెలీదు. అందుకే చూపించమంటున్నా."

"విప్పడానికి మనిషేడీ? ఉన్నవాణ్ణి పంపించేశా కదా."

హారన్ వ్యాను దిగాడు. తలుపు వెయ్యకుండా దిగి, ఆడవాళ్ల పక్కన నిలబడి, గేటు వైపు చూశాడు. ఒక్కొక్కరే అటు తిరిగారు. అన్ని కళ్లూ ఒక్కసారి తన మీద పడేసరికి మెకానిక్ సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఆ చూపుల్లో నమ్మకం లేదు. పని ఉంది.

కాపలావాడు గేటుకి అడ్డంగా ఉన్నాడు. ఓనరు వైపు చూశాడు. ఓనరు గుట్ట వైపు చూశాడు. పైన మిషన్లు ఆగిపోయి ఉన్నాయి, ఆసుపత్రి దుప్పట్లు తడిసి పడున్నాయి. కాపలావాడు బీడీ కోసం వెతుక్కుంటున్నట్టు పక్కకి జరిగాడు.

పెద్దమ్మ అతని సంచీ పట్టుకుని ముందుకి తోసింది. "నడువు" అంది.

జాకీ పెట్టాడు. నట్టు మీద స్పానర్ కూర్చోబెట్టబోతే కట్టు కట్టిన వేలు సహకరించక జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. ఎవరూ తొందరపెట్టలేదు. మూడోసారి కూర్చుంది. చక్రం ఊడింది. డ్రమ్ము ఊడింది. ఆడవాళ్లు చుట్టూ చేరి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగారు.

"ఏది ఏంటో పేరు పెట్టి చెప్పు" అంది భార్య. "రేపు నువ్వు లేకపోయినా మేం చూసుకోవాలి."

చెప్పాడు. ఇది డ్రమ్ము. ఇవి లైనర్లు, బండిని ఆపేవి ఇవే. ఆ లోపల, గొట్టం చివర ఉన్నది ఆయిల్ సీల్. అది పోతే ఆయిల్ ఇటు వస్తుంది. ఇక్కడ తడి ఉండకూడదు. తడి ఉంటే ఎంత కడిగినా ఎక్కకూడదు, ఎవరు చెప్పినా ఎక్కకూడదు. "నేను చెప్పినా సరే" అన్నాడు. ఆ మాట మొదటిసారి ఎవరికీ సరిగా వినపడలేదు. మళ్లీ అనాల్సి వచ్చింది.

ఓనరు చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన్ని ఎవరూ చూడలేదు.

పెద్దమ్మ అందర్నీ జరుపుకుంటూ వచ్చి, చక్రం ముందు చతికిలబడింది. చెయ్యి చాచి, లైనర్ మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా రాసింది. వేలు వెలుతురులోకి పెట్టి, కళ్లు చికిలించి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

పొడిగానే ఉంది.

ఆమె లేవలేదు. వేలు కొంగుకి తుడుచుకుంది.

"రెండోది కూడా విప్పు" అంది.